మా నాయన చూసిన రైలు సినిమా

ఆగకుండా పరిగెత్తే రైలు మీద సినిమా వస్తే చూడకుండా ఉండగలిగిన వాళ్ళు తక్కువ. 1980లో రవి చోప్రా 'ది బర్నింగ్ ట్రైన్' మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1985లో హాలీవుడ్ వాళ్ళు 'రన్‌అవే ట్రైన్' తీశారు. దాని మూలకథ జపాన్ దర్శకుడు కురసావాది. ఇక మన పక్కనే, 2016లో ప్రభు సాల్మన్ తమిళంలో తీసిన 'తొడరి' తెలుగులో 'రైల్' అయింది. ఢిల్లీ నుంచి చెన్నైకి వచ్చే బండి, అందులో పాంట్రీ కుర్రాడు ధనుష్.

ఈ సినిమా మా ఇంట్లో రెండు భాషల్లోనూ నడిచింది. తొరపాడి అంటే బయటివాళ్ళకు సెంట్రల్ జైలే గుర్తొస్తుంది గానీ, మాలాగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. పిల్లలకు తమిళంలో కావాలి, మా నాయనకు తెలుగులో కావాలి. నాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని 'ట్రైన్ మేనేజర్' అంటున్నారని చెబితే, "పేరు మారిస్తే పచ్చజెండా ఎర్రజెండా అవుతాదా?" అని కొట్టిపారేశాడు.

మొన్న మళ్ళీ ఆ సినిమా పెట్టుకోవడానికి కారణం ఉంది. మా పెద్దమ్మాయికి అసిస్టెంట్ లోకో పైలట్‌గా సెలక్షన్ వచ్చింది. ఉత్తరం వచ్చిన రోజు నుంచి మా అమ్మ అన్నం సరిగా తినడం లేదు. మహారాష్ట్ర ఆడపిల్ల సురేఖా యాదవ్ 1980ల చివరలోనే ఇంజనెక్కిందని చెప్పి చూశాను. "ఆ తల్లి ఎట్లా నిద్రపోయిందో" అంది. అలాంటి మనిషి ముందు ఈ సినిమా పెట్టింది మా చిన్నవాడు. వాడికి వేరే సినిమాలే దొరకలేదు!

తెర మీద డ్రైవరు ప్రాణం పోయింది. బండి ఆగడం లేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అట్లా పోదు మే, నిలిచిపోతాది" అన్నాడు నాయన.

టీవీ గొంతు తగ్గించి విడమరచి చెప్పాడు. ఇప్పటి ఇంజన్లలో డ్రైవరు నిమిషం పాటు ఏ మీటనూ తాకకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత అలారం మోగుతుంది, దానికీ పలకకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. బండి పొడుగునా గాలి గొట్టం ఉంటుంది. అందులో ఒత్తిడి పడిపోతే ప్రతి పెట్టెకూ బ్రేకు పడుతుంది. గొలుసు లాగినా, వెనక నుంచి గార్డు వాల్వు తిప్పినా జరిగేది అదే.

"అంటే భయం లేదా తాతా?" అంది అమ్మాయి.

"ఉండాది. నడిచే బండితో కాదు, నిలిపిన బండితో."

అక్కడి నుంచి సినిమా ఎవరూ చూడలేదు. 2017 నవంబరులో కర్ణాటకలోని వాడి జంక్షన్‌లో, చెన్నై నుంచి మన కడప, గుంతకల్లు మీదుగా వెళ్ళిన ముంబై మెయిలుకు కరెంటు ఇంజను తీసి డీజిల్ ఇంజను తగిలించారు. డ్రైవరు దిగాడు. తీసిన ఇంజను తనంతట తానే కదిలిపోయింది. ఒక రైల్వే ఉద్యోగి మోటారు సైకిలు మీద 13 కిలోమీటర్లు తరిమి, ఎక్కి ఆపాడు. ఇది ఏ సినిమాకూ తీసిపోదు! 2024 ఫిబ్రవరి 25న జమ్మూ దగ్గర కఠువా నుంచి 53 వ్యాగన్ల గూడ్సు, మనిషి లేకుండా దాదాపు 70 కిలోమీటర్లు పోయి పంజాబ్‌లో ఆగింది. అమెరికాలో 'అన్‌స్టాపబుల్' సినిమాకు ఆధారమైన 2001 ఒహాయో ఘటనలోనూ డ్రైవరు పాయింటు మార్చడానికి దిగాకే బండి చేయి దాటింది. ఈ మూడింటిలోనూ ప్రాణం పోలేదు. కానీ 2009 ఏప్రిల్ 29 తెల్లవారుజామున చెన్నైలో ఎవడో సంబంధం లేనివాడు నిలిచిన లోకల్ బండిని నడుపుకుపోయి, వ్యాసర్పాడి జీవా స్టేషన్ దగ్గర గూడ్సును గుద్దాడు. నలుగురు పోయారు.

నిలిచిన బండి ఎందుకు కదులుతుంది? ఇంజను ఆపేశాక బ్రేకు పట్టి ఉంచే గాలి గంటల తరబడి మెల్లగా కారిపోతుంది. పట్టు సడలుతుంది. వాలు కాస్త ఉంటే చాలు. అందుకే వ్యాగన్ల చేతిబ్రేకులు బిగించాలి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టాలి, గొలుసు కట్టి తాళం వేయాలి. వానలో, రాత్రి, డ్యూటీ అయిపోయి ఆకలేస్తున్న వేళ చేయాల్సిన పని ఇది. తెర మీద చూపించడానికి ఇందులో ఏముంది?

"నడిచేటప్పుడు స్టేషను మాస్టరు, కంట్రోలు, సిగ్నలు అందరూ నిన్ను చూస్తానే ఉంటారు. నిలిపి దిగేటప్పుడు చూసేవాడు ఉండడు" అన్నాడు నాయన మనవరాలితో. తన సర్వీసులో చేతిబ్రేకు బిగించాక మళ్ళీ ఒకసారి వెనక్కి నడిచి చూడకుండా ఇంటికి రాలేదట. అమ్మ వెంటనే అందుకుంది: "అందుకా, పొద్దన్నం మధ్యాన్నానికి తినేది?" యాభై ఏళ్ళ కాపురంలో ఆ ఆలస్యానికి కారణం ఆమెకు ఆ రోజే తెలిసింది.

వచ్చేవారం అమ్మాయి ట్రైనింగుకు బయలుదేరుతోంది. సాగనంపడానికి అందరం కాట్పాడి స్టేషనుకు వెళ్తున్నాం. రానని పట్టుబట్టిన అమ్మ ఇప్పుడు ముందే తయారు. ఆ చెక్కముక్కలు చక్రానికి ఏ పక్క పెడతారో నాయన తనకు చూపించాలట.