గుర్రపు డెక్కకు కళ్ళెం

వేసవి చివర కోల్‌కతా తూర్పు శివార్లలోని మురుగు కాలువల గట్టున నిలబడితే చాలాచోట్ల నీరు కానరాదు. ఈ గట్టు నుండి ఆ గట్టు దాకా పచ్చని తివాచీ. దానిపై లేత ఊదారంగు పూలు. కొత్తగా వచ్చినవాడు ఆ అందానికి ముగ్ధుడవుతాడు. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడు మాత్రం ఆకాశం వంక చూస్తాడు. తొలి పెద్దవాన పడేలోగా ఆ పచ్చదనాన్ని తొలగించకపోతే, కాలువ మోయవలసిన నీరు తన గడప దాటుతుందని అతడెరుగును. ముందుగా మునిగేది పల్లంలోని పేదవాడి గుడిసె.

తెలుగువారు గుర్రపు డెక్క అనీ, బెంగాలీలు కచురిపానా అనీ పిలిచే ఈ మొక్క స్వస్థలం దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. అందమైన పువ్వు కోసం మనిషే దాన్ని దేశదేశాలకూ మోసుకుపోయాడు. బెంగాల్ నదులలో అది పడవలను ఆపింది, వరిపొలాలను కప్పివేసింది. దాని అంతు కనుగొనేందుకు 1921లో నియమించిన సంఘానికి జగదీశ్ చంద్ర బోస్ అంతటి శాస్త్రవేత్త అధ్యక్షత వహించవలసి వచ్చింది. 1936లో దాని నిర్మూలనకై ప్రత్యేక చట్టమే చేశారు. మరుసటి ఏటి ఎన్నికలలో అది రాజకీయ పక్షాల వాగ్దానాలలోకీ ఎక్కింది.

అయినా మొక్క చావలేదు. అనుకూలమైన నీటిలో అది రెండు వారాలలోనే రెట్టింపవుతుంది. విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. అన్నిటినీ మించి, దానికి వేళకింత వడ్డిస్తున్నది మనమే. ఇళ్ళ నుండి కాలువలో కలిసే మురుగులోని నత్రజని, భాస్వరాలే దానికి మృష్టాన్నం.

విచిత్రమేమంటే, దానిని లొంగదీసిన విద్య ఆ నగరం అంచుననే ఉంది. కోల్‌కతా మురుగునీటితో చేపలు పెంచే తూర్పు చిత్తడి నేలలు సుమారు 12,500 హెక్టార్లు. 2002లో వాటికి రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ గుర్తింపు లభించింది. వాటి విలువను లోకానికి చాటిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్. అక్కడి జాలర్లు తమ భేరీలలో, అనగా చేపల చెరువులలో, గుర్రపు డెక్కను పూర్తిగా పీకివేయరు. గట్టు వెంబడి ఒక వరుసగా మాత్రం ఉండనిస్తారు. అక్కడ అది అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, ఎండలో చేపలకు నీడనిస్తుంది, దాని వేళ్ళు నీటిలోని లోహాలను పీల్చుకుంటాయి. హద్దు మీరినంత మేర తీసివేస్తారు. కాలువలో శత్రువైన మొక్కే భేరీలో కావలివాడు!

పేట కాలువకు గట్టు కావలి అక్కరలేదు; అక్కడ నీరు పారడమే ముఖ్యం. కాని జాలర్ల నిత్య జాగరూకత అక్కడికీ వర్తిస్తుంది. కాలువ నిండిన తరువాత యంత్రాలను పిలవడం కంటే, నాలుగు మొక్కలు కనిపించిన నాడే, పూత రాకముందే, వేళ్ళతో సహా తీయడం తేలిక. తీసినదాన్ని గట్టున పోగువేస్తే తొలివాన తిరిగి కాలువలోకే తోస్తుంది. దూరంగా తరలించి ఎరువుగా కుళ్ళబెట్టాలి. చెత్త కాలువలో వేయకూడదు. శుద్ధి చేయని మురుగు దానిలో కలవడం ఆగేదాకా ఈ శ్రమ ఏటేటా తప్పదు.

శతాబ్దానికి పైగా బెంగాల్ ఈ మొక్కతో పోరాడుతూనే ఉంది. చట్టం ఒకనాడు పుట్టింది; మొక్క మాత్రం ప్రతిదినమూ పుడుతోంది. దానికి కళ్ళెం వేయగలిగేది ప్రతిదినమూ కాలువ వంక చూసే కన్నే.