గట్టిమేళం ముందు, పుస్తెలు వెనక

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి ఓ సందులో మెట్లెక్కితే రెండు గదుల ఫొటో స్టూడియో. ముందు గదిలో ఆల్బమ్‌ల కట్టలు. వెనక గదిలో రెండు కంప్యూటర్లు, ఓ పాత ల్యాప్‌టాప్, క్యాప్చర్ కార్డులు, కాళ్లకు అడ్డం పడే హెచ్‌డీఎంఐ వైర్లు. మేం వెళ్లేసరికి మర్నాడు ధర్మపురిలో జరిగే పెళ్లికి లైవ్ సరిచూస్తున్నారు. కంప్యూటర్ తెర మీద గడియారం పరుగెడుతోంది, కెమెరా దాన్ని తీస్తోంది, పక్కనున్న ఫోన్‌లో అదే గడియారం లైవ్‌గా వస్తోంది. రెంటినీ కలిపి ఒక ఫొటో తీస్తే ఆలస్యమెంతో తేలిపోతుంది. యూట్యూబ్ లింకులో 20 సెకన్ల పైమాటే. స్టూడియో సొంత సర్వర్ లింకులో సెకను లోపు.

పెళ్లి చూడ్డానికి 20 సెకన్లు లెక్కా అనిపించొచ్చు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో లెక్కే. సెలవు దొరకక దుబాయ్‌లో ఉండిపోయిన మేనమామ ఒక ఫోన్‌లో లైవ్ చూస్తూ, ఇంకో ఫోన్‌లో అక్కతో మాట్లాడుతుంటాడు. చెవిలో గట్టిమేళం మోగిపోతుంది. తెర మీద పెళ్లికొడుకు పుస్తెలు ఇంకా చేతిలోకే తీసుకోడు. యూఏఈలో వాట్సాప్ వీడియో కాల్స్‌కు అనుమతి లేదు కాబట్టి ఆ దారీ మూతే.

తప్పంతా నెట్‌దే అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం పంపే పద్ధతిది. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ వీడియోను ముక్కలుగా కోసి మామూలు వెబ్ ఫైళ్లలా పంపుతుంది. ముక్క నిడివి 6 సెకన్లనుకుంటే, ప్లేయర్ మూడు ముక్కల వెనక నుంచి మొదలుపెడుతుంది. అక్కడికే 18 సెకన్లు. లక్షమందికి చూపించాలంటే మాత్రం ఇదే చవక. స్టూడియో సొంత లింకులో వాడే వెబ్‌ఆర్‌టీసీ అలా ముక్క నిండేదాకా ఆగదు, ఫ్రేమ్ తయారవగానే తోసేస్తుంది. 2011లో గూగుల్ దీని కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. 2021లో అది అధికారికంగా వెబ్ ప్రమాణమైంది.

ఇక్కడి సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్సే. కెమెరాలు కలపడానికి ఓబీఎస్ స్టూడియో. 2012లో హ్యూ బెయిలీ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ వీడియో గేమ్‌లాడే కుర్రాళ్లలో పేరు తెచ్చుకుని, పెళ్లిపందిళ్ల దాకా వచ్చింది. ముంబైలో అద్దెకు తీసుకున్న చిన్న లినక్స్ సర్వర్‌లో మీడియాఎమ్‌టీఎక్స్ నడుస్తుంది. గో భాషలో రాసిన ఒక్క ప్రోగ్రాం ఫైలు, తోడుగా ఒక సెట్టింగుల ఫైలు, అంతే. ఓబీఎస్ పంపింది అందుకుని వెబ్‌ఆర్‌టీసీగానూ, హెచ్‌ఎల్‌ఎస్‌గానూ పంచుతుంది.

పెట్టుకోవడం తేలికే, నడిపేటప్పుడు తెలుస్తుంది సంగతి. మొదట్లో బొమ్మ వచ్చింది గానీ భజంత్రీలు వినబడలేదట. సర్వర్‌కు వీడియో చేరవేసే ఆర్‌టీఎంపీ దారిలో ఓబీఎస్ ఏఏసీ ఆడియో పంపుతుంది, బ్రౌజర్‌లోని వెబ్‌ఆర్‌టీసీకేమో ఓపస్ కావాలి. 2023 చివర్లో ఓబీఎస్ 30లో, సర్వర్‌కు కూడా వెబ్‌ఆర్‌టీసీలోనే పంపే విప్ అనే పద్ధతి చేరాక ఆ చిక్కు తీరింది. ఇక వీడియోను కుదించే ఎన్‌కోడర్‌లో, తర్వాతి ఫ్రేముల కోసం ఆగే బీ-ఫ్రేములు తీసేయాలి, ఎక్స్264 ఎన్‌కోడర్‌లో ‘జీరోలేటెన్సీ’ పెట్టాలి, పూర్తి బొమ్మ ఉండే కీఫ్రేమ్ సెకనుకొకటి పడాలి. లేకుంటే మధ్యలో లింకు తెరిచినవాళ్లు నల్ల తెర చూస్తూ కూర్చోవాలి.

“మాట్లాడేటోళ్లకు మన లింకు, చూసేటోళ్లకు యూట్యూబ్. గంతే!” అన్నాడు నిర్వాహకుడు. లెక్క సరైనదే. వెబ్‌ఆర్‌టీసీలో ప్రతి ఒక్కరూ సర్వర్ నుంచే లాగుతారు. మనిషికి 2 ఎంబీపీఎస్ చొప్పున 200 మంది వస్తే 400 ఎంబీపీఎస్, బిల్లూ ఆ మేరకే. బరాత్ వేళకు మాత్రం అందరినీ సొంత లింకుకే మళ్లిస్తారు. డీజే సినిమా పాట అందుకుంటే యూట్యూబ్‌లో కాపీరైట్ హెచ్చరిక వచ్చి లైవ్ ఆగిపోవచ్చు మరి. సొంత సర్వర్‌లో కాపీరైట్ మాయమైపోదు, అడిగేవాడు ఉండడంతే.

ఆదిలాబాద్ వైపు కథ వేరు. ఉట్నూరు, ఇంద్రవెల్లి దారుల్లో ఒక మలుపులో ఉన్న సిగ్నల్ ఇంకో మలుపులో ఉండదు. కేస్లాపూర్ నాగోబా జాతర లాంటి చోట వేల ఫోన్లు ఉన్న కొద్దిపాటి టవర్ల మీదే పడతాయి. అటు వెళ్లినప్పుడు హైవిజన్ సంస్థ 2017లో ఓపెన్ సోర్స్ చేసిన ఎస్‌ఆర్‌టీ పద్ధతి వాడతారు. దారిలో పోయిన ప్యాకెట్‌ను అది మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. అందుకిచ్చే గడువు మామూలుగా 120 మిల్లీసెకన్లు, వీళ్లు 2 సెకన్ల దాకా పెంచుతారు. ఆలస్యాన్ని కావాలనే పెంచుకుని బొమ్మను నిలబెట్టుకోవడమన్నమాట. సెకను లోపు లైవ్ అని గొప్పలు పోయేవాళ్లు ఓసారి ఆ అడవి దారుల్లో ప్రయత్నించి చూడాలి.

ఈ సెట్టింగులన్నీ స్టూడియో గోడ మీద చేత్తో రాసిన తెలుగు కాగితంలో ఉన్నాయి. అసలు గైడ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. ఓబీఎస్‌ది జీపీఎల్, మీడియాఎమ్‌టీఎక్స్‌ది ఎంఐటీ లైసెన్సు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, నేర్పొచ్చు. బాసర ట్రిపుల్ ఐటీలోనూ, కరీంనగర్ ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ చదివే పిల్లలు సెమిస్టర్ ప్రాజెక్టు కోసం వెతుక్కుంటుంటే, పెళ్లి వీడియోగ్రాఫర్లకు పనికొచ్చే తెలుగు గైడు ఒకటి రాసిపెట్టొచ్చు.