చిన్న వయసున వచ్చిన కీర్తి

భానుమతీ రామకృష్ణ పాట మీలో పెద్దలైనవారు వినియే యుందురు. రేడియోలోనో, టూరింగు టాకీసు డేరాలోనో ఆ గొంతు ఒకసారి విన్నవారు మరువలేరు. అయితే ఆమె తెరమీదికి వచ్చునప్పటికి ఎంతటి పిల్లయో తెలియునా? 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి దొడ్డవరములో పుట్టిన ఆమె, 1939లో సి. పుల్లయ్యగారు తీసిన ‘వరవిక్రయము’లో కాళింది వేషము వేసెను. అప్పటికి పదమూడు పదునాలుగేండ్ల ప్రాయము. కట్నపు దురాచారమును ఖండించిన కథ అది. ఆ దినములలో నటించువారే పాడవలెను గనుక ఆ పిల్ల తానే పాడెను. తెలుగుదేశము చెవియొగ్గి వినెను.

ఇంత లేతవయసున వచ్చిన కీర్తి బిడ్డను నిలబెట్టునా, పడగొట్టునా? ఈ ప్రశ్న మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలకు దూరమైనది కాదు. నేడు ఇంటింట ఫోను కలదు. పొలము గట్టున ఒక పిల్లవాడు పాడిన పాటను తెల్లవారునప్పటికి వేలమంది చూచుచున్నారు.

భానుమతి తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. బిడ్డను సినిమాకు పంపుటకు ఒప్పుకొన్నప్పుడు వారు షరతులు పెట్టిరి. పురుషపాత్రధారి తన బిడ్డను తాకరాదనుట వానిలో ఒకటి. నేటివారికి ఇది నవ్వుగా తోచవచ్చును. కాని గమనింపుడి: ఆ తండ్రి పాటను ఆపలేదు, బిడ్డను గాలికి విడువనూలేదు. చేనికి కంచె వేసినవాడు పైరును ద్వేషించునా?

అయితే కంచె ఎల్లకాలము తండ్రిదే కాదు. 1943లో ‘కృష్ణప్రేమ’ చిత్రమున సహాయ దర్శకుడుగా నున్న రామకృష్ణారావుగారిని ఆమె తన యిష్టముచొప్పున వివాహమాడెను. పిమ్మట నటన చాలించి ఇల్లాలుగా నుండ నిశ్చయించెను. బి. ఎన్. రెడ్డిగారు పట్టుబట్టగా 1945లో ‘స్వర్గసీమ’తో తిరిగి వచ్చెను. ఒకసారి విడువగలిగినది గనుక, తిరిగి వచ్చినప్పుడు ఆమె కీర్తికి దాసురాలు కాలేదు. భార్యాభర్తలు తమ కుమారుని పేర భరణీ సంస్థను స్థాపించిరి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలోను ఆమెయే దర్శకత్వము వహించి తీసెను.

క్రైస్తవ గృహమున పెరిగిన మేరీ అను ఉపాధ్యాయురాలి కథయైన ‘మిస్సమ్మ’ మీలో అనేకులకు ప్రియమైనది. 1955లో విడుదలైన ఆ చిత్రమున మేరీ వేషము మొదట భానుమతిదే. కొన్ని దృశ్యములు తీసిన తరువాత నిర్మాత చక్రపాణిగారితో మాటపట్టింపు వచ్చి ఆమె తప్పుకొనెను. ఆ వేషము సావిత్రికి చేరి ఆమెకు గొప్ప పేరు తెచ్చెను. అంతటి వేషము చేజారినను భానుమతి బ్రతుకు తలక్రిందులు కాలేదు. పాట ఉన్నది, ఇల్లు ఉన్నది, కలము ఉన్నది. ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగువారిని నవ్వించెను. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదులు పొంది, 2005 డిసెంబరు 24న ఎనుబదేండ్ల వయసున కన్నుమూసెను.

అందరికిని ఇట్లు జరుగదు. 2000లో ‘చిత్రం’, 2001లో ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ చిత్రములతో ఉదయ్ కిరణ్ అను యువకుడు కాలేజీ పిల్లలకు ఆరాధ్యుడాయెను. తరువాతి చిత్రములకు ఆ ఆదరణ నిలువలేదు. 2014 జనవరి 5న, ముప్పదిమూడేండ్ల ప్రాయమున, తన ప్రాణము తానే తీసికొనెను. ఆయనకు తీర్పు తీర్చుట మన పని కాదు. మనలను మనము ఒకటి అడుగుకొనవలెను: చప్పట్లు ఆగిన యింటి తలుపు తట్టువారెవరు?

వనపర్తి దాపున ఒక పల్లెలో, కూలిచేసి బ్రతుకు తండ్రి యొకడు మొన్నటి క్రిస్మసు తరువాత నాయొద్దకు వచ్చెను. “అయ్యగారూ, మా బిడ్డ పాట ఇని పట్నంల పోటీకి పంపమంటున్నరు. పంపాల్నా, వద్దా?” అనెను. బిడ్డకు పదునాలుగేండ్లు. అతని కండ్లలో ఆశయు భయమును కలిసియుండెను.

“పంపుము. నీవును వెంట పొమ్ము. బడి మాన్పకుము. వ్రేలిముద్ర వేయకముందు కాగితము చదివించుకొనుము. గెలిచినను ఓడినను ఇంట ఒకే విధముగా అన్నము పెట్టుము” అంటిని.

“నేను పోతె నా కూలి పోతది గద, అయ్యగారూ!” అని అతడు తల వంచుకొనెను.

నిజమే. షరతులు పెట్టి బిడ్డ వెంట నిలుచుటకు స్తోమత కావలెను. కూలివాని కంచెకు కఱ్ఱలెవరు తెత్తురు? పండుగనాడు ఆ బిడ్డచేత పాడించుకొని ఆనందించిన మనమే తేవలెను. నాలుగు దినముల కూలి, ఇద్దరి బస్సు ఖర్చు ఒక సంఘమునకు మోయలేని బరువా? మేము పది యిండ్లవారము కలిసి ఆ మొత్తము పోగుచేసితిమి. తండ్రియు బిడ్డయు కలిసి వెళ్లిరి. బిడ్డ మొదటి దినముననే వెనుదిరిగెను. ఆ మరునాటి ఆదివారము ఎప్పటివలెనే ముందు వరుసలో నిలిచి పాడెను.

ప్రియ చదువరులారా, మీ ఊరిలోను అట్టి గొంతు ఒకటి యుండును. గెలిచి వచ్చిన బిడ్డను ఎదుర్కొనుటకు ఊరంతయు వచ్చును. ఓడి వచ్చు దినమున బస్సుయొద్ద మీరు నిలువుడి.