ఏబదియారు రోజుల బాల్యం

ప్రాథమిక పాఠశాలలో 'పెంపుడు జంతువు' అన్న శీర్షిక క్రింద వ్యాసం వ్రాయని విద్యార్థి మనలో ఉండడు. కుక్కకు నాలుగు కాళ్ళుంటాయని, అది ఇంటిని కాపలా కాస్తుందని, విశ్వాసానికి అది మారుపేరని పది వాక్యాలు వ్రాసి పదికి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవారమే అందరమూ. కాని ఆ విశ్వాసం కుక్కపిల్లకు పుట్టుకతోనే రాదని, పుట్టిన మూడవ వారం మొదలు సుమారు పన్నెండవ వారం లోపల ఎవరో ఒకరు ఓపికతో దానికి మనుషుల లోకాన్ని పరిచయం చేయవలసి ఉంటుందని మేమెవరమూ ఆ వ్యాసంలో వ్రాయలేదు. మాకు తెలియదు. తెలిసివచ్చిన విధం కొంత సంతోషకరమైనది, కొంత సిగ్గుపడవలసినది. ఆ రెండింటినీ ఈ పుటలలో విన్నవించుకోదలచాము.

మేము అనగా వసతిగృహంలో ఒకే గదిలో నివసించే నలుగురం. ఇద్దరం ఉర్దూ మాధ్యమం నుండి, ఇద్దరం తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారం. అప్పటికి ప్రథమ సంవత్సరం విద్యార్థులం. వర్షాకాలం చివర జతకట్టి, సుమారు 63 రోజుల గర్భం మోసి, చలికాలంలో ఈనడం మన వీధికుక్కలకు ఆనవాయితీ. 2023 డిసెంబరు 20వ తేదీ తెల్లవారుజామున, వసతిగృహం వెనుక విరిగిన బల్లలు పడవేసే రేకుల కొట్టంలో ఒక గోధుమరంగు కుక్క ఐదు పిల్లలను ఈనింది. వార్డెన్ గారు వచ్చి చూసి, చాలాసేపు మౌనంగా నిలబడి, చివరకు ఇట్లా అన్నారు: "ఎనిమిది వారాలు గడువిస్తున్నాను. ఆ తరువాత ఆవరణలో ఒక్క పిల్ల కనిపించరాదు. గదుల్లోకి తేరాదు. మీ చదువు చెడరాదు." ఆ మూడు షరతులకూ మేము తల ఊపాము.

మొదటి చిక్కు మా గదిలోనే వచ్చింది. కుక్క లాలాజలం సోకిన బట్టతో నమాజు చేయరాదన్నది మాలో ఇద్దరి ఇళ్ళలో చిన్ననాటి నుండి నేర్పిన నియమం. మిగిలిన ఇద్దరి ఇళ్ళలో సైతం కుక్కను గడప దాటనిచ్చే అలవాటు లేదు. ఏమి చేయాలో తోచక వాచ్‌మన్ చాచాను అడిగాము. ఆయన నవ్వి, దాహంతో నాలుక చాచిన కుక్కకు తన చెప్పుతో బావి నీరు తోడి పోసిన బాటసారి దైవక్షమకు పాత్రుడైన వృత్తాంతం హదీసులలో ఉన్నదని గుర్తుచేశారు. "నియమం బట్టలకు బేటా, దయకు కాదు. ఒక పాత లుంగీ కేటాయించుకోండి, పని కాగానే చేతులు కడుక్కోండి" అన్నారు. ఆ సంగతి విని మా తెలుగు అధ్యాపకులు, తన వెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజును తలచుకున్నారు. ఆ సాయంత్రమే కొట్టం గుంజకు నాలుగు పాత లుంగీలు, ఒక సబ్బుబిళ్ళ వ్రేలాడాయి. పత్రస్ బుఖారీ వ్రాసిన 'కుత్తే' అనే హాస్యవ్యాసం చదువుకున్న ఉర్దూ విభాగపు మిత్రులు మాత్రం మమ్మల్ని చూసినప్పుడల్లా ఒక ఛలోక్తి విసరక మానలేదు.

ఇక పిల్లల పెంపకం. అన్నం పెడితే చాలు, అవే పెరుగుతాయని మేము భావించాము. జంతుశాస్త్ర అధ్యాపకులు మా అజ్ఞానాన్ని మన్నించి, ఒక సాయంత్రం కొట్టం ముందే పాఠం చెప్పారు. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు కుక్కపిల్లల ఎదుగుదలను ఏళ్ళ తరబడి పరిశీలించి 1965లో గ్రంథం ప్రకటించారట. అంతకు ముందే, 1961లో, ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనువారు అక్కడ చేసిన ప్రయోగం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఎత్తైన కంచె గల మైదానంలో మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలను వేర్వేరు వయసులలో బయటకు తీసి మచ్చిక చేశారు. ఐదారు వారాల వయసులో తీసినవి సులువుగా మనుషులకు చేరువైనాయి. పద్నాలుగు వారాల వరకు మనిషిని ఎరుగనివి మాత్రం ఆ తరువాత ఎంత బుజ్జగించినా అడవిజంతువుల వలె బెదురుతూనే ఉన్నాయి. "కాలం మించిన తరువాత నేర్పలేమని కాదు, చాలా కష్టమని" అన్నారు మా అధ్యాపకులు. ఆ మాట ఆనాడు నోటుపుస్తకంలో వ్రాసుకున్నామే గాని మనసులో వ్రాసుకోలేదు.

ఆ నోటుపుస్తకాన్ని గురించి కూడా చెప్పాలి. మెస్సులో కూరగాయలు తూచే తక్కెడలో పాత తువ్వాలు పరచి, ప్రతి ఉదయం ఒక్కొక్క పిల్లను తూచి బరువు వ్రాసేవారం. నిన్నటికన్న నేడు పెరిగితే తల్లిపాలు చాలుతున్నట్లు. పన్నెండవ రోజున మొదటి పిల్ల కళ్ళు తెరిచింది. మూడవ వారానికి చెవులు వినసాగాయి, పాలపళ్ళు మొలవసాగాయి. పేర్లు పెట్టుకున్నాము. అన్నిటికన్న పెద్దది, పసుపువన్నెది సింహం. తెల్లనిది మోతీ, నల్లనిది కాలూ, అన్నిటికన్న చిన్నది బుడ్డి. నుదుట తెల్లని మచ్చ ఉన్నదానిని ఇద్దరం చుక్క అన్నాము, ఇద్దరం సితారా అన్నాము. అది రెండు పేర్లకూ పలికింది.

ఇక్కడ మా తప్పు చెప్పవలసి వచ్చింది.

2024 సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. వసతిగృహం ఖాళీ కానున్నది. పిల్లలను ఎవరు చూస్తారన్న బెంగ మాకు పట్టుకున్నది. ఆ సమయంలో మాకు పరిచయమున్న ఒక పెద్దమనిషి వచ్చి, ఐదింటిలో సింహాన్ని ఏరుకొని, వెంటనే ఇమ్మన్నారు. అప్పటికి దాని వయసు 24 రోజులు. కొట్టం ఊడ్చే ఆయమ్మ అడ్డుపడింది. "తల్లి కాడినుంచి అప్పుడే పీకితే ఎట్ల నాయనా? పాలు మరిచినంక ఇయ్యండి" అన్నది. ఒక పిల్లకు ఇల్లు దొరికింది గదా అన్న తృప్తిలో మేము ఆమె మాట పెడచెవిన పెట్టాము. ఆయన ఇంట్లో ఎవరెవరున్నారని గాని, పిల్లను ఎక్కడ ఉంచుతారని గాని అడగలేదు. ఆయన స్కూటరు ముందు అట్టపెట్టెలో సింహం వెళ్ళిపోయింది. తల్లి గేటు వరకు పరుగెత్తి వెనుకకు వచ్చింది.

సెలవులలో మిగిలిన నాలుగింటిని చాచా సాకారు. మేము తిరిగివచ్చిన తరువాత పశువైద్యశాల డాక్టరు గారు చెప్పిన ప్రకారం నడుచుకున్నాము. రెండవ వారం నుండి పదిహేను రోజులకొకమారు నులిపురుగుల మందు. ఆవుపాలు విరేచనాలు కలిగించవచ్చు కనుక మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికించిన గ్రుడ్డు. 45వ రోజున మొదటి టీకా. 1978 నుండి ప్రపంచమంతటా గుర్తించిన పార్వో వ్యాధి కుక్కపిల్లలకు ప్రాణాంతకం. దాని క్రిమి నెలల తరబడి మట్టిలో బ్రతికి ఉంటుంది. టీకాలు పూర్తయ్యే వరకు వీధి నేల మీద దింపరాదన్నారు. దింపకుండా లోకం చూపేదెట్లా? మెస్సు కూరగాయల గంప మళ్ళీ అక్కరకు వచ్చింది. రోజుకొక పిల్లను గంపలో కూర్చోబెట్టి, గేటు వద్ద పావుగంట నిలబడేవారం. ఆటోలు, సైకిళ్ళు, బడిపిల్లలు, బుర్ఖా ధరించిన తల్లులు, శిరస్త్రాణం పెట్టుకున్న యువకులు, చేతికర్ర పట్టిన వృద్ధులు, మసీదు మైకు, పెళ్ళి బ్యాండు, అన్నీ ఆ గంప అంచు మీదుగా చూపించాము. వేర్వేరుగా తీసుకుపోవడంలో ఒక మర్మం ఉన్నది. తోబుట్టువుల చాటున ధైర్యం నటించే పిల్ల, ఒంటరిగా ఉన్నప్పుడే తన ధైర్యమెంతో తెలుసుకుంటుంది.

బుడ్డికి స్టీలు పళ్ళెం చప్పుడంటే వణుకు. మెస్సులో పళ్ళెం క్రింద పడితే బల్లల సందున దూరి గంటసేపు వచ్చేది కాదు. బలవంతాన లాగవద్దని డాక్టరు గారు హెచ్చరించారు. మాలో ఒకరం చాలా దూరాన మెల్లగా పళ్ళెం మ్రోగించడం, అదే క్షణంలో మరొకరం బుడ్డి నోటికి గ్రుడ్డుముక్క అందించడం మొదలుపెట్టాము. రోజుకు రెండడుగులు దగ్గరకు జరిగాము. పన్నెండు రోజులకు పళ్ళెం మ్రోగితే అది దాగుకొనడం మాని, తోక ఊపుతూ ఎదురురాసాగింది.

ఇంకొక సంగతి మేము నేర్పనవసరం లేకుండా అవే నేర్చుకున్నాయి. ఆటలో కాలూ పంటినొక్కు గట్టిగా పడితే మోతీ కీచుమని అరచి ఆట మానేది. కాలూ కాసేపు బిక్కమొగం వేసి, మరుమారు మెత్తగా కొరికేది. ఎంత కొరికితే ఎదుటివానికి నొప్పి కలుగుతుందో కుక్కపిల్ల తన తోబుట్టువుల వద్దనే ముందుగా నేర్చుకుంటుందని అప్పుడు గ్రహించాము. అది చూస్తున్నప్పుడు మాలో ఒకరు "సింహం ఎవరితో ఆడుకుంటున్నదో" అన్నారు. ఎవరమూ బదులు పలుకలేదు.

ఏబదియారవ రోజు, 2024 ఫిబ్రవరి 13, గడువు నిండింది. ఈమారు అడిగినవారికెల్లా ఇవ్వలేదు. ఇంట్లో పిల్లలున్నారా, రాత్రి ఎక్కడ పడుకోబెడతారు, పగలంతా గొలుసుతో కట్టివేస్తారా, మిగిలిన టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా వేయిస్తారా, ఎదిగిన తరువాత సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయిస్తారా అని ప్రశ్నించాము. ముగ్గురు విసుగుకొని వెళ్ళిపోయారు. పోనిచ్చాము. కాలూ ఒక గొర్రెల కాపరి ఇంటికి, మోతీ పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలి ఇంటికి, చుక్క బస్టాండు వద్ద టీ కొట్టుకు వెళ్ళాయి. బుడ్డిని ఆయమ్మే తీసుకుపోయింది. ప్రతి పిల్ల వెంట, తల్లి పడుకున్న గోనెసంచి ముక్క ఒకటి పంపాము. తెలిసిన వాసన తోడుంటే తొలి రాత్రి ఏడ్పు తగ్గుతుంది. ఆ వేసవిలో తల్లికి పురపాలక సిబ్బంది శస్త్రచికిత్స చేయించి, చెవి కొసన గుర్తు వేశారు. చాచా ఉద్యోగ విరమణ చేసిన రోజున అది ఆయన వెంట నడచిపోయింది.

నేడు చుక్క టీ కొట్టు ముందు వంద జతల కాళ్ళ నడుమ నిశ్చింతగా నిద్రిస్తుంది. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఒక కన్ను తెరుస్తుంది.

సింహాన్ని మేము ఐదవ నెలలో చూడబోయాము. మిద్దె మీద, నీళ్ళట్యాంకు నీడలో, మూరెడు గొలుసుకు కట్టి ఉన్నది. పుట్టిన 24వ రోజు తరువాత దానికి తోబుట్టువు లేదు, వీధి లేదు. అన్నం గిన్నె జరిపే చెయ్యి తప్ప మనిషి లేడు. మమ్మల్ని చూసి గోడకు అతుక్కొని పండ్లు చూపింది. గొలుసు విప్పమని, మాకు తిరిగి ఇవ్వమని అడిగాము. "కాపలాకు కోపమున్న కుక్కే కావాలి" అన్నారాయన. అది కోపం కాదు, భయమని చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు. ఎనిమిదవ నెలలో గొలుసు తెగిన ఒక సాయంత్రం, పక్కింటి ఏడేళ్ళ బాలుని చేతిని అది కరిచింది. ఆయన రాత్రికి రాత్రే దానిని ఊరి వెలుపల వదిలివేశారు. మూడు ఆదివారాలు వెదికాము. కనిపించలేదు.

ఆ బాలుని చూడడానికి వెళ్ళాము. వాని అదృష్టం కొద్దీ ఇంటివారు గాయాన్ని వెంటనే సబ్బుతో పారే నీటి క్రింద పావుగంట కడిగి, ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి టీకాలన్నీ వేయించారు. వాడు క్షేమం. వాని తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఆ కుక్కపిల్లను ఇచ్చింది మీరేనంట గదా?" అని అడిగింది. "మేమేనమ్మా" అన్నాము. "ఇప్పుడు కుక్క అరుపు వినబడితే తలుపేసుకుంటాడప్పా మావాడు" అన్నది. ఆమె మమ్మల్ని నిందించలేదు. నింద అంతకన్న తేలికగా ఉండేది. మిద్దె మీది భయం మెట్లు దిగి ఒక పసివాని ఇంట్లో కాపురం పెట్టింది.

విద్యార్థి సోదర సోదరీమణులకు, కార్యవర్గ పెద్దలకు మా మనవి ఇది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థల ఆవరణల నుండి వీధికుక్కలను ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. కనుక ఆ రేకుల కొట్టం వంటి చోటు ఇకముందు విద్యార్థులకు దొరకదు. ఈ పని ఇళ్ళలోనే జరగాలి. ఎవరి వీధిలోనైనా పిల్లలు కనిపిస్తే, ముద్దుగా ఉన్నవని నాలుగవ వారంలో పంచిపెట్టవద్దు. ఎనిమిది వారాలు తల్లి వద్ద ఉండనివ్వండి. ఆ ఎనిమిది వారాలూ మీరు కూడా వాటి వద్ద ఉండండి. తీసుకుపోయేవారిని ప్రశ్నించడానికి మొగమాటపడవద్దు.

మా నోటుపుస్తకాన్ని జంతుశాస్త్ర విభాగానికి అప్పగిస్తున్నాము. అందులో నాలుగు పేర్ల ఎదుట 56 రోజుల బరువులు ఉన్నాయి. ఐదవ పేరు ఎదుట 24 మాత్రమే ఉన్నాయి. మిగిలిన గళ్ళు ఖాళీగానే ఉంచాము.