మా అన్న పలక

అంగలకుదురు మాలపల్లెలో మా ఇంటినుంచి మొదట బడి గడప తొక్కింది మా అన్న. ‘వ’ రాయమంటే ‘ప’ రాసేవాడు. ‘మ’ని ‘య’ అని చదివేవాడు. అయ్యవారు బెత్తం విరిగేదాకా కొట్టి, ‘పేడకళ్లెత్తేవాళ్లకి చదువెట్టా అబ్బుద్దిరా’ అనేవాడు. పెద్దరైతు కొడుకూ అవే తప్పులు రాసేవాడు. వాడికి మాత్రం ఇంటికెళ్లి ప్రైవేటు చెప్పేవాడు. అన్న నాలుగులోనే పలక పారేసి మినపచేలో కూలికి పోయాడు. నలభైమంది కూలి లెక్క నోటితోనే కట్టేవాడు. అయినా మా అమ్మ చచ్చేదాకా ‘మనకి చదువు రాసిపెట్టి లేదు’ అనే అనుకుంది.

పంతులునయ్యాక నేనూ అట్టాంటి పిల్లల్ని మొద్దులన్నాను. దాని పేరు డిస్లెక్సియా అని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలివి తక్కువై కాదు; అక్షరాన్నీ దాని శబ్దాన్నీ జతచేసుకోవడం వాళ్లకి కష్టం. వంశంలోనూ వస్తుంది. ఒక్కో శబ్దం విడగొట్టి పలికించి, చేత్తో దిద్దించి, ఓపిగ్గా చెబితే చదువొస్తుంది. 1995 వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు. 2016 చట్టంలోగానీ చేరలేదు.

ఇప్పుడు అన్న మనవరాలు ‘వ’కి ‘ప’ రాస్తోంది. అన్నకి ఇదంతా చెప్పాను. చాలాసేపు నేల చూస్తా కూచున్నాడు.

‘అయితే అది మన కులం తప్పు గాదన్నమాట. మరి ఆ దెబ్బలు దేనికిరా తమ్ముడా?’

నేనూ బెత్తం పట్టినవాణ్ణే. ఏం చెప్పను? పిల్లని దగ్గరికి పిలిచి, పలక అందుకున్నాను.