వరుస ఎవరిది?

ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ ఏ కాలేజీ వార్షికోత్సవానికి వెళ్ళినా ఒక్క విషయం దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. ప్రార్థన పాడిన అమ్మాయిల పేర్లు మైకులో చదువుతారు. రాసిన కవిగారి పేరూ చదువుతారు. వరుస కట్టినవాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 'జయజయజయ ప్రియభారత' తెలియని బడి మన వైపు ఉందా? దేవులపల్లి కృష్ణశాస్త్రి రాశారని పిల్లలు టక్కున చెప్తారు. దానికి వరుస కట్టింది ఆయన మేనకోడలు వింజమూరి అనసూయాదేవి. 1920లో కాకినాడలో పుట్టి, చెల్లెలు సీతాదేవితో కలిసి పల్లెపాటను రేడియోకి, సభకి ఎక్కించిన మనిషి. 2019లో హ్యూస్టన్‌లో పోయారు. ఆ పేరు మైకులో ఒక్కసారి పలికితే ఏం పోయింది?

పాడేది ఆడవాళ్ళయితే అందరికీ ముద్దే. కట్టింది కూడా ఆడమనిషే అంటే నమ్మబుద్ధి కాదు. జర్మనీలో ఫానీ మెండెల్సన్ పాటలు కొన్ని తమ్ముడు ఫెలిక్స్ పేరుమీద అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి అతని పాటల్లో తనకు నచ్చింది ఏరి పాడితే, అది మా అక్కది అని అతనే ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన కవయిత్రి తరిగొండ వెంగమాంబ తన పాటని ఇంకొకరి పేరున వేసుకునే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. తన రచనలకి తరిగొండ నృసింహుడి ముద్ర వేసి మరీ వెళ్ళింది. తిరుమలలో ఈనాటికీ ఏకాంతసేవలో ఆవిడ పేరున ముత్యాలహారతి ఇస్తున్నారు. స్వామి రోజూ ఆవిడ హారతి అందుకుని పడుకుంటాడు. మన కచేరీలో మాత్రం ఆవిడకి పది నిమిషాలు దొరకవు. వర్ణం, త్యాగరాజు, దీక్షితులు, చివర్లో అన్నమయ్య, మంగళం. అన్నమయ్య భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' పాడుకోవడానికి వీలుగా ద్విపదలో చెప్పిందని ఆ సభలో ఎవరికైనా గుర్తొస్తుందా?

కైకలూరు దగ్గర మా మేనత్తకి ఒక హారతుల నోటుపుస్తకం ఉండేది. అట్ట ఊడిపోతే సూదీదారంతో కుట్టుకుంది. ప్రతి పాట నెత్తిన 'వరుస' అని రాసి, పక్కన ఏదో సినిమా పాట మొదటి మాట. కొన్నిటి పక్కన సినిమా లేదు, 'సొంతం' అని ఉండేది. ఆ కాగితాల అంచులకే పసుపు మరకలు ఎక్కువ. అందులో ఒక అప్పగింతల పాట ఉంది. పెళ్ళికూతురు దోనె ఎక్కి కొల్లేరు మీదుగా అత్తారింటికి వెళ్తూ, లంకలో తాను పెంచిన బాతుల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తల్లికి అప్పగిస్తుంది. రెండో చరణం దగ్గర స్వరం ఉన్నట్టుండి కిందికి దిగేది. అక్కడ పేరంటాళ్ళంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఆ పాట ఆకివీడు దాకా పాకింది. అత్తయ్య పేరు ఊరు దాటలేదు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అందుకే ఏలూరు సెయింట్ థెరిసా కాలేజీలోనో, తాడేపల్లిగూడెం నిట్‌లోనో ఒక సాయంత్రం కచేరీ పెట్టాలని నా కోరిక. వెంగమాంబ, అనసూయాదేవి, పేరు తెలియని హారతుల తల్లులు. ప్రతి పాటకీ ముందు కట్టినవాళ్ళ పేరు చెప్పాలి. పెద్ద ఆడిటోరియం వద్దు. ఒక తరగతి గది, నేలమీద జంపఖానాలు, ఒక గొంతు, ఒక వీణ.

మైకు మాత్రం అస్సలు వద్దు. వీణ పక్క గదికి వినిపించాల్సిన వాద్యం కాదు. మీటిన తీగెను పక్కకి లాగినప్పుడు పుట్టే గమకం, అది సన్నగిల్లుతూ ఆగిపోయే చోటు, అక్కడే ఉంది అందమంతా. మైకు పెడితే ముందు దెబ్బే పెద్దగా వినిపిస్తుంది, తోక తెగిపోతుంది. పైగా మనకి వీణ ఎక్కణ్ణుంచో రానక్కర్లేదు. 2022లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు మన ఏలూరు జిల్లాలోకి వచ్చింది. మామిడిపళ్ళు వచ్చాయని అందరూ సంబరపడ్డారు, నేను వీణలు వచ్చాయని సంబరపడ్డాను. అక్కడ పనసకర్ర తొలిచి వీణకి కుండ చేస్తారు. దండి మీద మైనం పరిచి ఇరవైనాలుగు మెట్లూ చెవితో చూసుకుంటూ నిలబెడతారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్ళీ మైనం కరిగించాల్సిందే. ఇంట్లో వీణ ఉన్నవాళ్ళు ఎండాకాలం దాన్ని పడమటి కిటికీ దగ్గర పెట్టకండి. మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అపస్వరం పలికిందని పిల్లని కసిరేముందు ఒకసారి ఆ మెట్లు చూడండి.