వాచీ ఇప్పించిన ఎగ్ దోశ

మా హాస్టల్లో రూపాయితో పాటు ఇంకో కరెన్సీ నడుస్తోంది. దాని పేరు కాలరీ. సాయంత్రం గ్రౌండ్ చుట్టూ గంటసేపు తిరిగి, మణికట్టు మీద ఎంత పడిందో చూసుకుని, సరిగ్గా అంతకి గేటు బయట బండి దగ్గర తినేసి వస్తారు. "మామా, ఇవాళ 340 వచ్చాయి, ఎగ్ దోశకి సరిపోతాయి" అంటాడు మా రూమ్మేట్. ఫస్ట్ స్టైపెండ్ పడ్డ సీనియర్ మొహంలా వెలిగిపోతుంది అప్పుడు వాడి మొహం.

బరువు తగ్గే వాళ్ళలో ఇది పాత అలవాటే. వ్యాయామంలో ఖర్చయిన కాలరీల్ని మళ్ళీ తినేయడం. యాప్‌లు కూడా అలాగే ఊరిస్తాయి. రోజుకి 1700 తినొచ్చని పొద్దున చెప్తాయి, నడిచి వచ్చి వాచీ లెక్క ఎక్కించగానే దాన్ని 2040 చేస్తాయి. తినొచ్చా, తినకూడదా అని మా సెకండ్ ఫ్లోర్లో రోజూ వాదనే. నేనూ మా రూమ్మేటూ జనవరిలో ఒకేసారి మొదలుపెట్టాం, అప్పటికి ఇద్దరం ఇంచుమించు 80 కిలోలు. అందుకే ఈ వాదన నాకు వేరేవాళ్ళ గొడవ కాదు.

ఒక రోజు వాడి వాచీ, నా బ్యాండు రెండూ నేనే కట్టుకున్నా. రెండింట్లోనూ వయసు, ఎత్తు, బరువు నావే పెట్టి గంట నడిచా. (జనం చూశారు. పర్లేదు.) వాచీ 340 అంది, బ్యాండు 255 అంది. అవే కాళ్ళు, అదే గ్రౌండు, అదే గంట. మధ్యలో 85 కాలరీలు ఎటు పోయాయో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

ఎందుకంటే ఇవేవీ కాలరీల్ని కొలవవు. వెనకున్న పచ్చ లైటు చర్మం మీద పడి, తిరిగొచ్చే వెలుగులో మార్పుని బట్టి గుండె వేగం తెలుస్తుంది. లోపలున్న యాక్సెలరోమీటర్ చెయ్యి ఊపు పట్టుకుంటుంది. వీటికి మన వయసు, బరువు కలిపి కంపెనీ వాళ్ళ ఫార్ములాలో వేస్తే వచ్చేది ఆ నంబరు. అంటే అంచనా. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 60 మందితో ఏడు రకాల చేతి పట్టీల్ని పరీక్షించారు. గుండె వేగాన్ని ఏడింట్లో ఆరు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. కాలరీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికంటే వెనకబడ్డది 93 శాతం. అవి అప్పటి మోడళ్ళు, నిజమే. కానీ పద్ధతి అదే పద్ధతి. బకెట్లో బట్టలు ఉతుకుతుంటే నా బ్యాండు అడుగులు లెక్కేస్తుంది. ఇక గుండె వేగం మీదే నమ్మకం పెట్టుకుంటే, వైవా ముందు 120 కొట్టినందుకు ఎక్స్‌టర్నల్ గారి ఖాతాలో నాకొక సమోసా రావాలి.

సరే, వాచీ చెప్పింది నిజమే అనుకుందాం. అప్పుడు కూడా ఒక మెలిక ఉంది. ప్లేస్‌మెంట్స్‌లో సీటీసీకీ చేతికొచ్చే జీతానికీ ఉండే మెలిక లాంటిదే. ఊరికే కూర్చున్నా ఒంటికి కిలో బరువుకి గంటకి సుమారు 1 కాలరీ ఖర్చవుతుంది. దీన్ని 1 మెట్ అంటారు. (కాలరీ అంటే ఇక్కడ కిలోకాలరీ, కెమిస్ట్రీ వాళ్ళు కోప్పడొద్దు.) గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే అది సుమారు 3.5 మెట్‌లు. 80 కిలోల మనిషికి గంటకి 280 అన్నమాట. కానీ ఆ గంట వాడు నడవకుండా రూమ్‌లో రీల్స్ చూస్తూ కూర్చున్నా 80 ఎలాగూ ఖర్చయ్యేవి. నడక వల్ల అదనంగా వచ్చినవి 200 మాత్రమే. ఆ 80 రోజు కోటాలో ముందే కలిసి ఉంటాయి కాబట్టి, 280 తింటే వాటిని రెండోసారి తిన్నట్టు. కొన్ని వాచీలు మొత్తం ఎంత, కదలిక వల్ల ఎంత అని విడివిడిగా చూపిస్తాయి. కొన్ని ఒకే నంబరు చూపించి ఊరుకుంటాయి. మీది ఏ రకమో ఒకసారి సెట్టింగుల్లో చూసుకోండి.

ఆ రోజు కోటా వచ్చే దారిలో ఇంకా పెద్ద గొయ్యి ఉంది. దీనికి ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. మగవాళ్ళకైతే బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి రెండూ కలపాలి. అందులోంచి వయసుని 5తో గుణించి తీసేసి, ఇంకో 5 కలపాలి. 80 కిలోలు, 175 సెంటీమీటర్లు, 20 ఏళ్ళు అంటే దగ్గర దగ్గర 1800. దాన్ని మళ్ళీ మన కదలికని బట్టి గుణిస్తారు. కుర్చీకి అతుక్కుపోయే బతుకైతే 1.2, ఓ మోస్తరు వ్యాయామం చేసేవాడైతే 1.55. మొదటి లెక్కలో రోజు ఖర్చు 2160, రెండో లెక్కలో 2790. మా రూమ్మేట్ రెండోది నొక్కాడు. అబద్ధమేం కాదు, వాడు రోజూ నడుస్తాడు. కానీ ఆ నడక 2790లోనే కూర్చుని ఉంది. సాయంత్రం వాచీలో చూసిన 340ని వాడు మళ్ళీ చేత్తో ఎక్కించేవాడు. ఒకే క్లాసుకి రెండుసార్లు అటెండెన్స్ వేయించుకున్నట్టు. మొదటిది నొక్కి ఉంటే నడిచినదాంట్లో కొంత తినడానికి న్యాయం ఉండేది. ఈ ఒక్క ముక్క తెలియకుండానే మా ఫ్లోర్లో సగం వాదన నడిచింది.

ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తుందా? రెండు కొలతల్లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేసినా వాటి ఎర్రర్లు మాత్రం కలుస్తాయి. ఖర్చు 2400, తిండి 1900, తేడా 500 అనుకోండి. రెండింట్లోనూ పదేసి శాతం పొరపాటు ఉంటే (మెస్ సాంబారు విషయంలో పది శాతం అనడం నా ఉదారత) ఒక పక్క 240, ఇంకో పక్క 190. కలిపితే 430. అంటే మనం 500 అనుకుంటున్నది 70 అయినా కావచ్చు, 930 అయినా కావచ్చు. ఇంత ఊగే తక్కెడలో వాచీ ఇచ్చిన 340ని చివరి అంకెదాకా నమ్మి దోశ తింటున్నాం. ఆ దోశలో ఎంతుందో బండి ఆయనకే తెలీదు. ఒక టేబుల్ స్పూను నూనె అంటేనే 120 కాలరీలు. ఆయన గరిటె సైజు మీరందరూ చూసే ఉంటారు.

ఇంత చెప్పాక, "చూశావా, అసలు తినకూడదు" అనే పార్టీ చప్పట్లు కొడుతుంది. ఆ పార్టీ కూడా మా వింగ్‌లో ఉంది. వాళ్ళ హీరో హెర్మన్ పాంట్జర్. 2012లో ఆయన బృందం టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హాడ్జా జనం మీద ఒక పరిశోధన అచ్చు వేసింది. ప్రత్యేకమైన ఐసోటోపులున్న నీళ్ళు తాగించి, మూత్రం పరీక్షించి ఖర్చు కొలిచారు. ఒంటి సైజుని లెక్కలోకి తీసుకుంటే, అంత తిరిగే వాళ్ళ రోజు ఖర్చు అమెరికా, యూరప్ జనం ఖర్చు కంటే పెద్ద ఎక్కువేం కాదని తేలింది. రోజూ కష్టపడే ఒళ్ళు ఇంకెక్కడో పొదుపు చేస్తుందని ఆయన వాదన. బాగుంది, దాని మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ నడుస్తూనే ఉంది. కానీ దాన్ని పట్టుకుని మా ఫుట్‌బాల్ టీమ్ వాడొకడు రెండు గంటల ప్రాక్టీసు ఉన్న రోజు కూడా 1500 దగ్గరే ఆగిపోయేవాడు. రెండో వారంలో కళ్ళు తిరిగి గోల్ పోస్టు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. ఆ పేపర్లో ఉన్నవి సగటులు. వీడు ఆకలితో ఉన్న ఒక్క లెఫ్ట్ వింగర్.

లెక్కలు తప్పితే దిద్దుకోవచ్చు. నాకు నిజంగా భయం వేసింది ఫిబ్రవరిలో. మా రూమ్మేట్ వాచీ ఛార్జర్ ఎక్కడో పోయింది. ఆ రోజు మెస్‌లో వాడు మజ్జిగ ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున నాతోనే నడిచావు కదరా?"

"నడిచా. కానీ పడలేదుగా."

పడలేదు, అంటే ఖాతాలో పడలేదు. నవ్వాలో ఏం చెయ్యాలో అర్థం కాలేదు. అంతకుముందు వారం రోజులుగా గమనిస్తున్నా, ఆకలేస్తోందా అని అడిగితే వాడు మణికట్టు చూసుకుంటున్నాడు.

ఆ రాత్రి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "తిన్నావా నాన్నా?" అంది. వీడు అలవాటు కొద్దీ నవ్వుతూ, "ఇంకా సంపాదించలేదమ్మా" అన్నాడు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత సరేనని పెట్టేసింది. పది నిమిషాలకి వాళ్ళ తమ్ముడి నంబర్ నుంచి 500 రూపాయలు వచ్చాయి. కింద మెసేజ్: అమ్మ వెయ్యమంది, తిను. వాళ్ళింట్లో నెలాఖరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఫోన్ నాకు చూపించి ఒకసారి నవ్వాడు, మళ్ళీ నవ్వలేదు. అప్పటికి మెస్ మూసేశారు. చెప్పులేసుకుని బండి దగ్గరికి వెళ్ళాం. రెండు దోశలు తిన్నాడు.

ఛార్జర్ తర్వాత మంచం కింద దొరికింది. వాచీ ఇప్పటికీ కట్టుకుంటాడు, నేనూ కట్టుకుంటా, అడుగులు చూసుకుంటే హుషారుగానే ఉంటుంది. స్క్రీన్ మీద కాలరీల గడి మాత్రం ఇద్దరం తీసేశాం. ఇప్పుడు పద్ధతి మారింది. కంట్రోల్ సిస్టమ్స్ చదివే ఈఈఈ వాళ్ళకి ఒక్క మాటలో అర్థమవుతుంది: క్లోజ్డ్ లూప్. నడక ఉన్నా లేకపోయినా రోజూ ఇంచుమించు అదే తిండి. మ్యాచ్ లాంటిది ఉంటే వాచీని అడక్కుండా రెండు అరటిపళ్ళు, కాస్త పెరుగన్నం ఎక్కువ. పొద్దున్నే జిమ్ తూకం మీద నిలబడి, ఏడు రోజుల సగటు రాసుకుంటాం. రెండు వారాలు సగటు కదలకపోతే రాత్రి ఒక చపాతీ తగ్గుతుంది. మరీ జోరుగా దిగుతున్నా, క్లాసులో నీరసంగా ఉన్నా ఒకటి పెరుగుతుంది. ఒక్క రోజు తూకాన్ని పట్టించుకోం. ఆదివారం బిర్యానీ తిన్న మర్నాడు అది కిలో ఎక్కువ చూపిస్తుంది, అదంతా ఉప్పుకి పట్టిన నీరు, అరగని తిండి. కిలో కొవ్వు అంటే సుమారు 7700 కాలరీలు. మా మెస్ బిర్యానీకి అంత సీన్ లేదు.

ఏప్రిల్ మొదటి వారం సగటు నాది 76.3, వాడిది 77.1. మిడ్స్ ఉన్నాయి కాబట్టి ఈ వారం నడక సగమే. నిన్న రాత్రి వాళ్ళమ్మ ఫోన్లో మళ్ళీ తిన్నావా అంటే, పప్పు, గుత్తివంకాయ, పెరుగు అని వరసగా అప్పజెప్పాడు. గుత్తివంకాయలో ఉప్పు చాలలేదంటూ ఆ తర్వాత పది నిమిషాలు మాట్లాడారు.